పాత ఫ్లాట్ బాగుచేత: 5,20,000 రూపాయల పద్దు

మొత్తం ఖర్చు 5,20,000 రూపాయలు. హైదరాబాద్ విద్యానగర్‌లో 1994లో కట్టిన ఫ్లాట్. రెండు బెడ్‌రూములు, 980 చదరపు అడుగులు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, నెత్తి మీద టెర్రస్. కొన్న ధర వేరే సంగతి. ఆ ఇంటిని కాపురానికి పనికొచ్చేలా చేసుకోవడానికి అయిన డబ్బు ఇది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను కాబట్టి మేకులు, ఇసుక కాగితం కొన్న బిల్లులతో సహా అన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

మొదట్లో ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్ళని పిలిచాం. ట్యాబ్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి 11 లక్షల 40 వేలకి కొటేషన్ ఇచ్చారు. ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక చారల ప్యానెల్, హాలుకీ డైనింగ్‌కీ మధ్య జాలీ పార్టిషన్, అన్నీ ఉన్నాయి అందులో. పైపులు లేవు, వైర్లు లేవు, బాత్రూం నేల లేదు. అడిగితే "అవి మా స్కోప్‌లో రావు మేడమ్" అన్నాడా అబ్బాయి. నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే చిమ్నీ ఉచితమట. ముప్పై ఏళ్ళ గోడలో తుప్పు పట్టిన పైపుని అలాగే ఉంచి దాని మీద ప్యానెల్ బిగిస్తే, పైపు పగిలిన రోజు రెండూ పీక్కోవాలి. ఆ కొటేషన్ చదివాకే నాకూ మా ఆయనకీ ఒక మాట కుదిరింది: గోడ లోపల ఉండేవాటికి ముందు డబ్బు పెట్టాలి. గోడ మీద కనపడేవాటి సంగతి, మిగిలితే చూద్దాం.

పుస్తకంలో పెద్ద పద్దులు ఇవీ. రెండు బాత్రూములు, పైపులు కలిపి 1,45,000. కరెంటు పని 78,000. పెయింటింగ్ 72,000. వంటగది 68,000. ఒక బెడ్‌రూంలో గోడ అల్మరా 62,000. నేల పాలిష్ 24,000. టెర్రస్ పనిలో మా వాటా 18,000. గ్రిల్స్, దోమల మెష్ 14,000. మిగిలిన 39,000 ఫర్నిచర్‌కీ కర్టెన్లకీ. సగానికి కాస్త తక్కువ డబ్బు ఇంటికొచ్చినవాళ్ళకి కనపడని వాటికే పోయిందన్నమాట. మా ఆడపడుచు వచ్చి ఇల్లంతా తిరిగి, "వదినా, అయిదు లక్షలు పెట్టి ఏం చేయించారు?" అంది. పైపులు చూపించలేను కదా!

పై అంతస్తు ఫ్లాట్ కొనేవాళ్ళు లోపలి పని మొదలుపెట్టే ముందు టెర్రస్ ఎక్కి చూడాలి. మా హాలు మూలన సీలింగ్ మీద పసుపు మరకలు ఉన్నాయి. "డ్యాంప్ కోటింగ్ కొట్టేద్దాం అమ్మా, కనపడదు" అన్నాడు పెయింటర్. నీళ్ళు పైనుంచి దిగుతుంటే లోపల ఏం పూసినా వచ్చే వానాకాలం దాకానే. పైకెళ్ళి చూస్తే స్లాబు, పిట్టగోడ కలిసే మూల విచ్చుకుని ఉంది, వాన గొట్టం నోట్లో ఆకులు కుళ్ళి ఉన్నాయి. లేచిపోయిన గచ్చు తీసి, ఆ మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటుతో నింపి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి, దాని మీద ఎండని వెనక్కి కొట్టే తెల్ల పెయింట్ వేయించాం. టెర్రస్ అందరిదీ కాబట్టి ఖర్చు కూడా అందరిదీ అని అసోసియేషన్‌లో ఒప్పించడమే అసలు పని. "కారేది మీ ఇంట్లో కదా" అన్నారు కింది అంతస్తులవాళ్ళు. చివరికి సగం ఫండ్ నుంచి, సగం పై అంతస్తు ఇళ్ళ నుంచి అని తేలింది. తెలంగాణలో 2023 నుంచి కూల్ రూఫ్ (ఎండ వేడిని వెనక్కి కొట్టే పైకప్పు) పాలసీ ఉంది, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్ళకి తప్పనిసరి అంటుంది. మాలాంటి పాత బిల్డింగుల్ని ఎవరూ అడగరు. అయినా ఆ తెల్ల రంగు వేశాక ఏప్రిల్ మధ్యాహ్నాలు ఫ్యాన్ గాలి మునుపటంత కాలడం లేదు.

ఇక బాత్రూములు. బడ్జెట్ ఇల్లు అంటే బాత్రూంలో టైల్స్ ఉంచేసి కొత్త కుళాయిలు బిగిస్తే చాలని చాలామంది చెప్తారు. పైపులు కొత్తవైతే సరే. మా ఇంట్లో ఉన్నవి ఇనప పైపులు. వాటిని కోసి చూస్తే లోపల తుప్పు, బోరు నీళ్ళ గార కలిసి, పెన్సిలు దూరేంత సందు మిగిలింది. అందుకే మొత్తం కొట్టించాం. వేడి నీళ్ళకి సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు), చన్నీళ్ళకి యూపీవీసీ (మామూలు గట్టి ప్లాస్టిక్ పైపు). పైపులు గోడలో వేశాక, మేస్త్రి టైల్స్ మొదలుపెట్టే ముందు, ప్లంబర్ చేత ప్రెషర్ పంపుతో టెస్ట్ చేయించండి. నీళ్ళు ఎక్కించి వదిలేస్తే గేజి ముల్లు కిందికి దిగకూడదు. పంపు అద్దెకి దొరుకుతుంది. "అవసరం లేదమ్మా, నా పని నాకు తెలీదా" అంటారు. నవ్వుతూనే పట్టుబట్టాలి.

నేలకి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసినప్పుడు అది గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు ఎక్కాలి, షవర్ ఉన్న వైపు ఇంకా పైకి. ఆరాక నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు బయటికి పోయే కన్నం) మూతికి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, ఒక రోజంతా వదిలేసి, కింది ఫ్లాట్‌కి వెళ్ళి వాళ్ళ సీలింగ్ చూడాలి. మా కింది ఇంటావిడ ఎప్పుడు వెళ్ళినా టార్చి పట్టుకుని మరీ చూపించేవారు. ఆవిడకి ఒక డబ్బా సున్నుండలు పట్టుకెళ్ళాను. దాన్ని కూడా వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు కిందే రాశాను.

డబ్బు తగ్గించింది టైల్స్ దగ్గర. గోడకి పెద్ద సైజు టైల్స్ జోలికి పోలేదు. 12 బై 18 అంగుళాల మామూలు తెల్లవి, ఏడడుగుల ఎత్తు వరకే. పైన పెయింట్. నేలకి మాత్రం జారనివి, 12 బై 12. చిన్న టైల్ అయితే ట్రాప్ వైపు వాలు సరిగ్గా వస్తుంది. టైల్స్ సందులు నింపే ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు ఎక్కువ కాబట్టి నేల సందులకే వాడాం. తలుపు గడపలకి గ్రానైట్ ఫ్రేమ్, తలుపు డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక). చెక్క పెడితే అయిదారేళ్ళలో కింది అంచు పుచ్చుతుంది. కుళాయిల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. గోడ లోపల ఉండే డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించేది) మంచి కంపెనీది కొనండి. బయట కనపడే హెల్త్ ఫాసెట్, టవల్ రాడ్ చవకవైనా పరవాలేదు, పాడైతే మనమే మార్చుకోవచ్చు.

కరెంటు పని గురించి ఎలక్ట్రీషియన్లు నాలుగు రకాలుగా చెప్తారు కాబట్టి లెక్క నేనే రాస్తున్నా. లైట్లకీ ఫ్యాన్లకీ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజర్‌కీ విడివిడిగా 4. మా ఇంట్లో పాత గీజర్ లైట్ల వైరు మీదే నడిచింది. స్విచ్ బోర్డు వెనక ప్లాస్టిక్ కరిగిన గుర్తులున్నాయి. ఎంసీబీలతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆపేది ఆర్‌సీసీబీ. అది మాటిమాటికీ పడిపోతుంటే "తీసేద్దాం సార్" అంటారు. తీయొద్దు. ఎక్కడో లీకేజీ ఉంది, లేదా రెండు లైన్ల న్యూట్రల్ కలిసిపోయింది. అది వెతికించాలి. ఏసీ కొత్తగా పెడుతుంటే కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మన ఇంటికి మంజూరైన కరెంటు) ఎంతుందో చూసి పెంచమని దరఖాస్తు చేయండి. వైర్లు గోడలోకి వెళ్ళాక, మేస్త్రి పూయకముందే, ప్రతి గోడనీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. మేకు కొట్టిన ప్రతిసారీ ఆ ఫోటోలే దిక్కు.

ఫ్యాన్లు బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటు తినే మోటారువి, కొన్నాం. పాత ఫ్యాను 75 వాట్లు తినే చోట ఇది 30 దగ్గర ఆగుతుంది. ధర ఎక్కువే గానీ రోజంతా తిరిగే గదుల్లో తిరిగొస్తుంది. 

ఇప్పుడు నాకిష్టమైన భాగం. ఇల్లు చూసినవాళ్ళంతా ఒకటే మాట: "ముందు ఈ మొజాయిక్ పీకేయండి, విట్రిఫైడ్ వేయించండి." పాత మొజాయిక్ మీద కొత్త టైల్ అంటించొచ్చు, పగలగొట్టే పని లేదు అని కూడా అన్నారు. అలా చేస్తే నేల ఎత్తు పెరుగుతుంది, ప్రతి తలుపూ కింద కోయాలి, గడపలు మునుగుతాయి, పాత స్లాబు మీద అదనపు బరువు. పైగా టైల్స్ కాక ఒక్క కూలీకే ఎంతవుతుందో అడిగి చూడండి, అందులోనూ లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి మోత కూలీ వేరే.

మొజాయిక్ అంటే సిమెంటులో చలువరాతి ముక్కలు కలిపి పోసిన బిళ్ళ. పైన మాసింది మైనం, మురికి, ముప్పై ఏళ్ళ ఫినాయిలు మాత్రమే. పాలిష్ మిషన్ వాళ్ళు గరుకు రాయితో మొదలుపెట్టి నున్న రాయి దాకా నీళ్ళు పోస్తూ అరగదీస్తారు, మధ్యలో గుంటల్ని అదే రంగు సిమెంటుతో నింపుతారు, చివర్లో ఆక్జాలిక్ పొడి వేసి రుద్దుతారు. 800 చదరపు అడుగులు, అడుగుకి 30 రూపాయలు. హాల్లో విరిగిన బిళ్ళల కోసం బజారంతా తిరిగినా అదే రంగు దొరకలేదు. మేస్త్రి గారే ఉపాయం చెప్పారు. వంటగది గట్టు కింద, ఎవరికీ కనపడని చోట ఉన్న బిళ్ళలు జాగ్రత్తగా లేపి హాల్లో వేశారు, అక్కడ గచ్చు చేశారు. ఇప్పుడా నేల మీద ఆకుపచ్చ, ఇటుక రంగు ముక్కలు తడి ఆరని గులకరాళ్ళలా మెరుస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, దీన్ని బాత్రూం యాసిడ్‌తో కడగకూడదు. యాసిడ్ చలువరాతిని తినేస్తుంది. పాలిష్ బురద గోడల మీద అడుగెత్తు దాకా చిమ్ముతుంది కాబట్టి ఈ పని ఆఖరి కోటు పెయింట్‌కి ముందే అయిపోవాలి.

తలుపులు కూడా అంతే. ఆ కాలం బిల్డర్లు ద్వారబంధాలకీ కిటికీలకీ టేకు వాడేవారు. మా కిటికీల మీద అయిదారు పొరల ఎనామిల్ ఉంది. గీకించి చూస్తే లోపల చెక్క చెక్కుచెదరలేదు. ఈ రోజుల్లో ఆ కలప కొనాలంటే మన వల్ల కాదు. యూపీవీసీ కిటికీల సేల్స్‌మన్ ఒకాయన "పాతవి మేమే తీసుకుంటాం మేడమ్, మీకెందుకు శ్రమ" అన్నప్పుడు వాటి విలువ నాకు పూర్తిగా అర్థమైంది.

పెయింట్ గురించి తక్కువే చెప్తాను. లప్పం తడి గోడ మీద పెట్టకూడదు, అందుకే ఈ పని ఎండాకాలంలో పెట్టుకోవాలి. దసరా, దీపావళి ముందు పెయింటర్లు దొరకరు, దొరికినా రేటు వాళ్ళది. సీలింగులకి చవక డిస్టెంపర్, గోడలకి మధ్యరకం ఎమల్షన్, పిల్లలు చేతులు వేసే హాలుకి మాత్రం కడిగితే పోని రకం. ఇల్లంతా ఒకటే లేత రంగు వేస్తే మిగిలిన డబ్బా తర్వాత అతుకులకి పనికొస్తుంది. రంగు మీరే కొనండి. బకెట్‌తో పాటు వచ్చే పెయింటర్ పాయింట్ల టోకెన్ మాత్రం వాళ్ళకే ఇచ్చేయండి, పని శ్రద్ధగా చేస్తారు.

వంటగదికి మాడ్యులర్ కిచెన్ వద్దనుకున్నాం. గట్టు కింద, గోడలకీ కడప బండల అరలు ఉన్నాయి. నీళ్ళు పడ్డా ఉబ్బవు, చెదలు పట్టవు. వాటిని పగలగొట్టి ప్లైవుడ్ డబ్బాలు పెట్టుకోవడం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. బండల అంచులకి అల్యూమినియం ఫ్రేమ్ కట్టించి, ముందు తలుపులు మాత్రం ఐఎస్ 710 (నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం) ప్లైవుడ్‌తో చేయించాం. స్టీల్ బాస్కెట్లు రెండే, ఒకటి స్పూన్లకి, ఒకటి పళ్ళాలకి. లోతైన సింకు, గట్టు మీద కొత్త గ్రానైట్, పొయ్యి వెనక రెండడుగుల టైల్స్, ఎగ్జాస్ట్ ఫ్యాను. పొయ్యి తూర్పు ముఖంగా ఉండాలని అత్తయ్యగారు అన్నారు. గ్యాస్ పైపు ఇటు నుంచి అటు మార్చితే సరిపోయింది. వాస్తు కోసం గట్టు పగలగొట్టేదాకా వెళ్ళకండి, ముందు పైపు పొడవు కొలవండి.

కార్పెంటర్ల కొలతల గురించి చెప్పాలి. అల్మరాని ముందు వైపు వెడల్పు, ఎత్తు గుణించి చదరపు అడుగుల్లో లెక్కగడతారు. ఏడు బై ఏడు అంటే 49. సామానుతో కలిపి అడుగు 1,450 అన్నారు ఒకచోట, అంటే 71,050. ఇంకొకాయన లోపలి అరలు కూడా కొలిచి కలిపేశాడు. రేటు 700 అని చవగ్గా కనిపించింది, మొత్తం చూస్తే ఎక్కువ. అందుకే ఏది కొలుస్తారో ముందే కాగితం మీద రాయించుకోవాలి. మేం కూలీ మాత్రం 450కి మాట్లాడుకుని, సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో మేమే కొన్నాం. షాపులు కార్పెంటర్లకి కమిషన్ ఇస్తాయి, అది అందరికీ తెలిసిన రహస్యమే. ఆయన్ని వెంటబెట్టుకెళ్ళకుండా లిస్టు తీసుకుని వెళ్ళండి. బెడ్‌రూం అల్మరాకి 710 అక్కర్లేదు, ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకి తట్టుకునే రకం) చాలు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు నిజమో కాదో తెలిసిపోతుంది. మందం స్కేలు పెట్టి కొలవండి. 18 మిల్లీమీటర్లని చెప్పి 16వి వేసే షాపులున్నాయి. ఎనిమిది బై నాలుగు షీటు మా మెట్ల మలుపులో తిరగదు. షాపులోనే పొడవుగా కోయించి తెచ్చాం.

జీఎస్టీ బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు. కచ్చా బిల్లు మీద కొన్న ప్లైవుడ్ పొర లేస్తే వారంటీ అడగలేం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎవరైనా పాత కొటేషన్ చేతికిస్తే ఆ తేడా అడగండి.

పగలగొట్టిన చెత్త మాత్రం రాత్రిపూట నాలా పక్కన పోసే ట్రాలీవాళ్ళకి ఇవ్వొద్దు. నిర్మాణ వ్యర్థాల కోసం జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లు ఉన్నాయి. ఖర్చు ముందే లెక్కలో రాసుకుంటే బాధ ఉండదు.

39 వేలలో ఫర్నిచర్ ఎలా అంటారా? సెకండ్ హ్యాండ్‌లో గట్టి చెక్క, ఇనుము కొనండి. పరుపులూ పార్టికల్ బోర్డు సామానూ కొనకండి. బోర్డు సామాను ఒకసారి విప్పితే స్క్రూలు మళ్ళీ పట్టవు. కొండాపూర్ వైపు ఉద్యోగం మారి బెంగళూరో అమెరికానో వెళ్ళేవాళ్ళు టేకు డైనింగ్ టేబుల్ కూడా వచ్చిన ధరకి ఇచ్చేస్తారు. మాది అలా వచ్చిందే, నాలుగు కుర్చీలతో 9,000. ట్రాలీ ఆటోకీ మెట్ల మోతకీ ఇంకో 1,800. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇనప స్టాండ్లు, అద్దాలు దొరుకుతాయి. సోఫా పాతదే, చట్రం గట్టిగా ఉంది, 40 డెన్సిటీ ఫోమ్ వేసి గుడ్డ మార్పించాం. అత్తయ్యగారి ఇనప బీరువాకి కార్ల పెయింటింగ్ షెడ్డులో రంగు స్ప్రే చేయించాం, ముదురు ఆకుపచ్చ. బూరుగు దూది పరుపులు ఏకించి కొత్త గలీబులు కుట్టించాం. నేల మీదికి వరంగల్ జంపఖానా ఒకటి. కర్టెన్లు రెడీమేడ్‌గా కిటికీకి అయిదడుగులు, తలుపుకి ఏడు, పెద్దవాటికి తొమ్మిది వస్తాయి. మీ కిటికీ అయిదున్నర ఉంటే గుడ్డ కొని కుట్టించుకోవడమే చవక.

ఫాల్స్ సీలింగ్ గురించి ఇప్పటికీ అడుగుతుంటారు. పై అంతస్తులో అది అసలు వద్దు. స్లాబు ఎక్కడ చెమ్మ పడుతోందో కనపడాలి నాకు.

పనివాళ్ళకి డబ్బు పని సాగేకొద్దీ ఇచ్చాం, చివరి పదో వంతు మాత్రం ఇంట్లో దిగి నెల వాడాక. ప్లంబర్ అలిగాడు గానీ, ఆ నెలలోనే సింకు కింద జాయింటు కారితే ఫోన్ చేసిన పూటే వచ్చాడు.

రెండో బెడ్‌రూంకి అల్మరా ఇంకా లేదు. బట్టలన్నీ ఆ ఆకుపచ్చ బీరువాలోనే. వచ్చే ఏడాది బోనస్ వస్తే చేయిద్దాం అంటున్నారు మా ఆయన. నేను మాత్రం ఆ డబ్బుతో ముందు బాల్కనీ నీళ్ళ గొట్టం మార్పించాలని రాసి పెట్టుకున్నాను.